శివారు ప్రయాణికుడి ఎదురుచూపు

విమానం రాత్రి 2 గంటలకు. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో కారు కదిలేది అంతకు ముందు పొద్దున 10 గంటలకు. విజయవాడ మీదుగా శంషాబాద్ చేరడానికి, దారిలో భోజనానికి ఆగినా, ఏడు గంటలు చాలు. మరి పదహారు గంటల ముందే ఇల్లు కదలడం దేనికి?

ఇంట్లో అడిగితే వేళ్ళ మీద లెక్క చెబుతారు. పై దేశం ప్రయాణం కాబట్టి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి, అంటే రాత్రి 11. అందులోంచి ఏడు గంటలు తీస్తే సాయంత్రం 4. టైరు పంక్చరైతేనో, టోల్‌గేటు దగ్గర ఇరుక్కుంటేనో? ఇంకో రెండు గంటలు ముందుకు జరిపితే మధ్యాహ్నం 2. గురువారం ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా రాహుకాలం, దానికి ముందు వర్జ్యం. అవి రాకముందే గడప దాటాలి. ఆపైన తాతయ్య ఒక మాట అంటారు: "ఎలాగూ పోయేదే కదమ్మా, ఇంకాస్త ముందు పోతే పోయిందేముంది?" దాంతో పదైంది.

వెనక సీట్లో ఉన్నది ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న అమ్మాయి అనుకుందాం. జర్మనీలో ఒక ప్రయోగశాలలో వేసవి ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఇలాంటివి ఇప్పుడు మన వైపు పిల్లలకు అందని మాటేమీ కాదు. జర్మనీ వాళ్ళ డాడ్ సంస్థ 'వైజ్' పేరుతో మన ఇంజనీరింగ్, సైన్సు విద్యార్థులను రెండు మూడు నెలలకు పిలుస్తుంది. కెనడాలో మైటాక్స్ సంస్థ ఇచ్చే గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్ 12 వారాలది. చాలామంది మే నెల ఎండల్లోనే బయల్దేరతారు. పెదపారుపూడి అనగానే ఎవరికైనా రామోజీరావు గుర్తొస్తారు గానీ, ఈ వ్యాసానికి ఆ ఊరు వేరే కారణంగా పనికొస్తుంది. పై దేశాలకు విమానాలు విరివిగా దొరికే చోటికి అది దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు. ఎదురుచూపు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ పేరుకుంటుందో చూడటానికి సరిగ్గా సరిపోయే ఊరు.

ముందు ఆ అదనపు గంటల సంగతి. ఇంట్లో వేసిన లెక్కలో విడిగా చూస్తే ఏదీ తెలివితక్కువది కాదు (పంచాంగం జోలికి పోవద్దు). తేడా వచ్చేది కూడికలోనే. ప్రయాణాన్ని నాలుగు ముక్కలుగా చూద్దాం: ఊరి నుంచి విజయవాడ, అక్కడి నుంచి శంషాబాద్, లోపల చెక్-ఇన్, ఆ తర్వాత ఇమ్మిగ్రేషనూ భద్రతా తనిఖీ. ఒక్కో ముక్క మామూలుగా పట్టే సమయానికి ఓ అరగంట అటూ ఇటూ అవుతుందనుకుందాం. గణాంకశాస్త్రంలో ఈ అటూఇటూని ప్రామాణిక విచలనం అంటారు. దానికి రెండింతల సమయం చేతిలో ఉంచుకుంటే నూటికి 97 సార్లు గట్టెక్కుతాం. అంటే ఒక్కో ముక్కకు గంట, మొత్తం నాలుగు గంటలు.

కానీ నాలుగు ముక్కలూ ఒకే రోజున కలిసికట్టుగా ఆలస్యం కావడం అరుదు. విజయవాడ లోపల పోయిన ఇరవై నిమిషాలు హైవే మీద కలిసిరావచ్చు. ఆలస్యాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడు మొత్తం విచలనం నాలుగు అరగంటలు కాదు. అరగంటను నాలుగుకు వర్గమూలమైన రెండుతో గుణించాలి, అంటే ఒక్క గంట. దానికి రెండింతలు రెండు గంటలు. నాలుగు చోట్ల విడివిడిగా జాగ్రత్తపడినందుకు రెండు గంటలు వృథాగా పోయాయి. ముక్కలు తొమ్మిదైతే, తొమ్మిది గంటల జాగ్రత్తలో నిజంగా అవసరమైనవి మూడే.

మరి జాగ్రత్తలన్నీ ఒకే మూటగా కట్టుకుంటే సరిపోదా? సరిపోదు. ప్రతి ముక్క చివరా మూసుకునే తలుపు ఒకటుంది. కారు డ్రైవరు తన జాగ్రత్త తాను చూసుకుంటాడు, విమాన సంస్థ తన మూడు గంటలు తాను చెబుతుంది, కారు బదులు బస్సైతే అదీ తన వేళకు పోతుంది. ఎవరి అనిశ్చితికి వాళ్ళు ప్రయాణికుడి జేబులోంచే కాలం తీసుకుంటారు. మొత్తం ఎంతైందో ఒక్క ప్రయాణికుడికే తెలుస్తుంది.

డెల్టా రైతుకు ఇది కొత్తేమీ కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిలో వచ్చిన చిన్న తేడా ప్రతి లాకు దగ్గర, ప్రతి తూము దగ్గర కాస్త కాస్త పెరిగి, నాగాయలంక, కోడూరు వైపు శివారు ఆయకట్టుకు చేరేసరికి రోజుల తరబడి ఆలస్యమవుతుంది. ఎగువన ప్రతి ఒక్కరూ ఎందుకైనా మంచిదని చేలో ఒక అంగుళం ఎక్కువే పెట్టుకుంటారు. వాళ్ళది తప్పని అనలేం. శివారు రైతు మాత్రం నారు పోసుకుని కాలువ వంక చూస్తూ ఉండాలి. నీళ్ళ విషయంలో పెదపారుపూడి అంత శివారు ఊరు కాదు. విమానాల విషయంలో శివారే. హైదరాబాద్ కూకట్‌పల్లి పిల్లకు మూడు ముక్కల ప్రయాణం, ఈ అమ్మాయికి నాలుగు ముక్కలది. దూరం వల్ల పట్టే సమయానికి ముక్కల వల్ల పట్టే సమయం కూడా తోడవుతుంది.

గన్నవరం పక్కనే ఉంది కదా అనొచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం వేసిన ఆ రన్‌వే ఇప్పుడు 3,360 మీటర్లు. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది, 2018 డిసెంబరులో సింగపూర్‌కు విమానం కూడా ఎగిరింది. కానీ జర్మనీకి పోవాలంటే ఇక్కడ ఎక్కి హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగి మారాల్సిందే. రోడ్డు తగ్గుతుంది గానీ ముక్క తగ్గదు. పైగా రెండు టిక్కెట్లూ వేర్వేరుగా కొంటే మొదటి విమానం ఆలస్యానికి రెండో విమానం జవాబుదారీ కాదు.

శీతాకాలమైతే గన్నవరానికి ఇంకో చిక్కు, పొగమంచు. డెల్టా రాత్రి గాలి నిలిచి, మబ్బు లేకుండా ఉంటే నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. కాలువలు, తడి మాగాణి వల్ల నేలకు ఆనుకున్న గాలిలో తేమ ఎలాగూ ఎక్కువే. ఆ గాలి మంచుబిందువు దాకా చల్లబడగానే తేమ సన్నటి చుక్కలై తేలుతుంది. ఎండ వచ్చి నేలను కాచేదాకా అది కదలదు. పరికరాల సాయంతో దిగే పద్ధతుల్లో మొదటి తరగతి దానికి కూడా రన్‌వే మీద కనీసం 550 మీటర్ల దూరం కనబడాలి. అది లేక జనవరి పొద్దుల్లో విమానాలు గన్నవరం మీద గిరికీలు కొట్టి, ఒక్కోసారి హైదరాబాద్‌కు తిరిగిపోతుంటాయి. వర్గమూలం లెక్క కూడా ఇలాంటి రోజునే తలకిందులవుతుంది. ఆలస్యాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదన్నది దాని షరతు. పొగమంచు రోడ్డునూ రన్‌వేనూ కలిపే ఆపుతుంది. సంక్రాంతి ముందురోజు రద్దీ టోల్‌గేటునూ బస్‌స్టాండునూ ఒకేసారి ముంచుతుంది. అప్పుడు నాలుగు గంటల జాగ్రత్తకు నాలుగు గంటలూ కావాలి. తాతయ్య లెక్క అలాంటి రోజులు చూసిన లెక్క.

అమెరికా అర్థశాస్త్రవేత్త జార్జ్ స్టిగ్లర్‌ది దీనికి పూర్తిగా ఎదురు వాదం. 1982లో నోబెల్ అందుకున్న ఈయన, జీవితంలో ఒక్క విమానమైనా తప్పిపోలేదంటే మీరు విమానాశ్రయాల్లో అనవసరంగా ఎక్కువ కాలం గడిపారన్నట్టే అనేవారట. తర్కం సరైనదే. ఇంకో గంట ముందు వెళ్తే విమానం తప్పే ముప్పు ఎంత తగ్గుతుందో చూసి, దాన్ని తప్పితే కలిగే నష్టంతో గుణించి, ఆ గంట విలువతో పోల్చాలి. గంటకు 5,000 రూపాయల విలువున్న ఆచార్యుడికి విమానం తప్పితే 50,000 పోతుందనుకోండి. ముప్పు పదింట ఒక వంతు తగ్గితే తప్ప ఆ గంట దండగ. మన అమ్మాయికి ఆ రోజున గంట విలువ 100 రూపాయలు, తప్పితే నష్టం లక్ష అనుకుంటే, ముప్పు వెయ్యింట ఒక వంతు తగ్గినా గంట ముందు వెళ్ళినందుకు నష్టం లేదు. పైగా లక్షతో పోయేది కూడా కాదు, ఇంటర్న్‌షిప్ మొదలయ్యే తేదీ ఆమె కోసం ఆగదు. సూత్రం ఒకటే, అందులో వేసే అంకెలే మనిషిని బట్టి మారతాయి. ఆచార్యుడి అంకెలతో తేల్చిన సలహాను పెదపారుపూడికి అంటగడితే అది శాస్త్రం అనిపించుకోదు.

ఇంతకీ ఆ మూడు గంటల్లో విమానాశ్రయం చేసే పనేమిటి? దీని వెనకున్న గణితం పుట్టింది విమానాల దగ్గర కాదు, టెలిఫోన్ల దగ్గర. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ ఎన్ని లైన్లు వేస్తే జనం ఎంతసేపు ఆగాలో లెక్కగట్టే పనిలో పడి 1909లో ఒక పత్రం ప్రచురించాడు. క్యూల సిద్ధాంతానికి అదే మొదలు. దాని సారాన్ని ఒక్క కౌంటరు మీద చూడొచ్చు. మనిషికి సగటున రెండు నిమిషాలు పట్టే కౌంటరు ఒకటుంది, జనం ఎప్పుడుబడితే అప్పుడు వస్తున్నారు. కౌంటరు సగం సమయమే పనిలో ఉంటే సగటు నిరీక్షణ 2 నిమిషాలు. 80 శాతం పనిలో ఉంటే 8 నిమిషాలు. 90 శాతమైతే 18. 95 శాతమైతే 38. చివరి ఐదు శాతం పని పెంచడానికి క్యూ రెట్టింపైంది. ఖాళీగా కూర్చున్న ఉద్యోగిని చూసి మనకు ఒళ్ళు మండుతుంది గానీ, ఆ ఖాళీ లేకపోతే క్యూ గుమ్మం దాటి రోడ్డు మీదికి వస్తుంది. సంక్రాంతి ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర జరిగేది ఇదే. ఫాస్టాగ్ వచ్చాక బండికి పట్టే సమయం తగ్గింది. కానీ పండగ రద్దీలో గేటు నూటికి నూరు శాతం దగ్గరికి చేరితే ఫాస్టాగ్ కూడా చేతులెత్తేస్తుంది.

సగటు ఒక్కటే చాలదు, మనిషికీ మనిషికీ మధ్య తేడా కూడా లెక్కలోకి వస్తుంది. 1930ల తొలినాళ్ళలో పోలాచెక్, ఖిన్చిన్ అనే గణితవేత్తలు విడివిడిగా తేల్చిన సూత్రం ప్రకారం, ప్రతి ఒక్కరికీ కచ్చితంగా రెండు నిమిషాలే పడితే, సగటు అంతే ఉండి మనిషి మనిషికీ మారిపోయే క్యూతో పోలిస్తే నిరీక్షణ సగమే. భద్రతా తనిఖీ దగ్గర ఈ తేడాను పుట్టించేవి మన సంచులు.

ఎక్స్‌రే యంత్రం రెండు వేర్వేరు శక్తుల కిరణాలు పంపి, ఏది ఎంత ఆగిందో పోల్చి, సంచిలోని పదార్థం తేలిక మూలకాలదా బరువు మూలకాలదా అని అంచనా కడుతుంది. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ లాంటి వాటితో చేసినవి తెర మీద నారింజ రంగులో, లోహాలు నీలంలో, మధ్యరకం ఆకుపచ్చలో కనిపిస్తాయి. ఆవకాయ నారింజ. బందరు లడ్డు నారింజ. సున్నుండలు, అరిసెలు, కందిపొడి అన్నీ నారింజే. చిక్కేమిటంటే పేలుడు పదార్థాల్లో చాలావాటిదీ అదే రంగు. డబ్బాలో ముద్దగా, ఒకే సాంద్రతతో కనిపించే నారింజ గడ్డను చూశాక తెర ముందు కూర్చున్నవాళ్ళు సంచి తెరవమనక తప్పదు. ఇక ఆవకాయలో తేలే నూనెకు మరో నిబంధన అడ్డం. 2006 ఆగస్టులో లండన్ నుంచి బయల్దేరే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్ర బయటపడినప్పటి నుంచి, చేతి సంచిలో ద్రవాలకు, ముద్దలకు 100 మిల్లీలీటర్ల హద్దు పడింది. పచ్చడి జాడీ వెళ్ళాల్సింది చెక్-ఇన్ పెట్టెలోకే, మూత చుట్టూ నాలుగు వరసల టేపుతో.

అంతకన్నా ఆశ్చర్యపరిచేది ఎండుకొబ్బరి. కూర పొడుల కోసం అమ్మ కట్టిచ్చిన కొబ్బరి చిప్పలను చేతి సంచిలోనూ వద్దంటారు, పెట్టెలోనూ వద్దంటారు. పూజ గదిలో ఉండేదానికి ప్రమాదకర సరుకు అన్న పేరేమిటని కౌంటరు దగ్గర వాదించేవాళ్ళను చూస్తూనే ఉంటాం. ఎండుకొబ్బరిలో అరవై శాతానికి పైగా నూనె ఉంటుంది. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా కలుస్తూ వేడిని వదులుతుంది. నాలుగు చిప్పలైతే ఆ వేడి గాలికి పోతుంది. కుప్పలుగా, గాలాడని చోట పోసినప్పుడు పోయేదారి లేక వేడి వేడినే పెంచుతుంది, చివరికి నిప్పు రాజుకోవచ్చు. అందుకే ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో ఎండుకొబ్బరి, తమంతట తామే వేడెక్కి అంటుకునే పదార్థాల వర్గంలో ఉంది. అమ్మ కట్టిచ్చిన నాలుగు చిప్పలకు ఆ భయం వర్తించదని నా అభిప్రాయం. కానీ నిబంధన రాసింది ఒక్క అమ్మ కోసం కాదు.

చెక్-ఇన్ కౌంటరు గంట ముందే మూసేయడానికి మరో కారణముంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న పెట్టె విమానంలోకి ఎక్కింది గానీ, ఆ పెట్టె యజమాని ఎక్కలేదు. ఆ తర్వాత, 1988లో లాకర్‌బీ మీద పాన్‌యామ్ విమానం కూలాక ఇంకా గట్టిగా, మనిషి ఎక్కకపోతే పెట్టె ఎక్కకూడదన్న నియమం వచ్చింది. ఎవరైనా గేటు దగ్గర కనబడకపోతే వందల పెట్టెల్లోంచి వాళ్ళది వెతికి దించాలి. ఆ గంటలో కొంత ఇందుకే పోతుంది.

ఇక లోపలికి వచ్చాక పని కాళ్ళది కాదు, మనసుది. క్యూలో నిలబడ్డవాళ్ళకు ఉపయోగపడే ఒక చిన్న సూత్రాన్ని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. ముందున్న జనాన్ని నిమిషానికి ముందుకు కదిలేవాళ్ళ సంఖ్యతో భాగిస్తే మన వంతుకు పట్టే సమయం వస్తుంది. ముందు 60 మంది, నిమిషానికి నలుగురు కదులుతుంటే 15 నిమిషాలు. ఈ భాగహారం క్యూను కుదించదు. ఎప్పటికవుతుందో తెలియని ఎదురుచూపును తెలిసిన ఎదురుచూపుగా మాత్రం మారుస్తుంది. ఆ తేడా చిన్నది కాదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో 45 మంది ఒక కంప్యూటర్ ఆట ఆడారు. తెర మీద రాళ్ళు తిప్పాలి, కింద పాముంటే చేతికి నొప్పి పుట్టే చిన్న విద్యుత్ షాక్. పాము ఉండే అవకాశం మారుతూ ఉంటుంది. చెమటను, కంటిపాపను కొలిచి ఎవరు ఎప్పుడు ఎక్కువ ఒత్తిడికి గురయ్యారో చూశారు. షాక్ ఖాయమని తెలిసినప్పుడు కాదు, ఉందో లేదో సగం సగం అన్నప్పుడే ఒత్తిడి శిఖరానికి చేరింది. విమానం రెండు గంటలు ఆలస్యమని బోర్డు మీద పడితే జనం తిట్టుకుని కాళ్ళు చాపుకుంటారు. ఆలస్యం అని మాత్రమే పడితే ఎవరూ కూర్చోలేరు. విమాన సంస్థలు ఈ చిన్న విషయాన్ని ఇప్పటికీ ఎందుకు ఒంటబట్టించుకోలేదో నాకు అర్థం కాదు.

హ్యూస్టన్ విమానాశ్రయం ఇంకో దారి పట్టింది. దిగినవాళ్ళు పెట్టెల కోసం ఎక్కువసేపు ఆగాల్సి వస్తోందని ఫిర్యాదులు. సిబ్బందిని పెంచి ఎనిమిది నిమిషాలకు దించినా ఫిర్యాదులు ఆగలేదు. చూస్తే, జనం ఒక్క నిమిషం నడిచి ఏడు నిమిషాలు నిలబడుతున్నారు. అప్పుడు అధికారులు విమానాలు ఆగే చోటును దూరం జరిపి, నడక ఆరింతలయ్యేలా చేశారు. పెట్టె చేతికొచ్చే వేళ మారలేదు, ఫిర్యాదులు మాత్రం దాదాపు ఆగిపోయాయి. కాళ్ళకు పనుంటే కాలం గుర్తుకు రాదు. తిరుమలలో ఎప్పుడో వచ్చే దర్శనానికి సమయం వేసిన టోకెను ఇచ్చి జనాన్ని బయటికి పంపడం కూడా మనసు మీద ఇలాంటి పనే చేస్తుంది, పైగా అందులో మాయ లేదు.

గేటు దగ్గర గడియారాన్ని మాటిమాటికీ చూసే మనిషికి గంట ఎందుకు సాగుతుంది? జరుగుతున్న కాలాన్ని కొలిచేటప్పుడు మెదడు చూసేది దాని మీద పెట్టిన ధ్యాసను, గడిచిన కాలాన్ని కొలిచేటప్పుడు చూసేది జ్ఞాపకాల బరువును. అందుకే గేటు దగ్గరి నాలుగు గంటలు అప్పుడు కొండంత, నెల తర్వాత తలుచుకుంటే ఆవగింజంత. కొత్త ఊళ్ళో మొదటి రోజు దీనికి తారుమారు, అప్పుడు ఇట్టే గడిచి తర్వాత ఎంతో పొడుగ్గా గుర్తుంటుంది. నాడీశాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం 2007లో దీన్ని విపరీతమైన పరిస్థితిలో పరీక్షించింది. మనుషులను 31 మీటర్ల ఎత్తు నుంచి వెనక్కి వదిలి, కింద వలతో పట్టారు. తమ పతనం ఎంతసేపు పట్టిందో అడిగితే ఇతరుల పతనం కంటే 36 శాతం ఎక్కువ చెప్పారు. కానీ చేతికి కట్టిన పరికరంలో వేగంగా మారే అంకెలను మామూలుగా కంటే మెరుగ్గా ఏమీ చదవలేకపోయారు. కాలం సాగినట్టు అనిపించింది జ్ఞాపకంలో, చూపులో కాదు.

మైకులో పిలుపు వినగానే అందరూ లేచి నిలబడతారు. ఆ తొందర వెనకా ఒక ప్రయోగం ఉంది. విమానం ఎక్కే పద్ధతుల మీద భౌతికశాస్త్రవేత్త జేసన్ స్టెఫెన్ 2011లో నమూనా బోయింగ్ 757లో 72 మందితో పరీక్ష చేశాడు. గుంపులుగా వరసలు పిలిచే పద్ధతికి 6 నిమిషాల 54 సెకన్లు పట్టింది. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు ఎక్కితే 4 నిమిషాల 44 సెకన్లు. పక్కపక్క వరసలవాళ్ళు ఒకేసారి సామాను పైకెత్తే తంటా లేకుండా స్టెఫెన్ వేసిన క్రమంలో 3 నిమిషాల 36 సెకన్లు. క్రమశిక్షణ కంటే గందరగోళమే మేలైన సందర్భాలు తక్కువే, ఇదొకటి.

అన్నట్టు, అర్ధరాత్రి ప్రయాణమే ఎందుకు? విమానానికి చలిగాలి మంచిదే. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 1.225 కిలోలుండే గాలి 45 డిగ్రీలకు 1.11 కిలోలకు పలచబడుతుంది, రెక్కలకు ఆసరా దాదాపు పదో వంతు తగ్గుతుంది. కానీ 4,260 మీటర్ల రన్‌వే ఉన్న శంషాబాద్‌లో అదంత పెద్ద అడ్డంకి కాదు. అసలు కారణం అవతలి ఒడ్డున ఉంది. జర్మనీలో విమానం దిగే ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి రాత్రి 11 మొదలు పొద్దున 5 దాకా రాకపోకలు నిషేధం. చుట్టుపక్కల జనం నిద్ర కోసం. అక్కడ పొద్దున దిగితేనే అమెరికా, యూరప్ విమానాలు వరసగా దొరుకుతాయి. తొమ్మిది గంటల ప్రయాణాన్ని, మూడున్నర గంటల కాలభేదాన్ని వెనక్కి లెక్కిస్తే మన దగ్గర బయల్దేరే వేళ అర్ధరాత్రి దాటాకే తేలుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌వాళ్ళ నిద్ర పెదపారుపూడి అమ్మాయి జాగరణతో వస్తోందన్నమాట.

ఆ జాగరణ ఊరికే పోదు. 1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త డి మేరాన్ అత్తిపత్తి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుగు లేకపోయినా అది వేళకు ఆకులు విప్పి, వేళకు ముడుచుకుంది. గడియారం బయట కాదు, లోపలే ఉంది. మనకది మెదడు అడుగున, సుమారు 20,000 నాడీకణాల గుత్తిలో ఉంటుంది. దాన్ని తిప్పే జన్యువుల గుట్టు విప్పినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. మనిషిలో ఈ గడియారం రోజుకు 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది. రోజును పొడిగించడం దానికి తేలిక, కుదించడం కష్టం. అందుకే పడమరకు పోతే ఒళ్ళు త్వరగా సర్దుకుంటుంది, తూర్పుకు పోతే నానా తంటాలు పడుతుంది.

దాన్ని జరిపే చెయ్యి వెలుగు. శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున నాలుగైదు గంటలప్పుడు అట్టడుగుకు చేరుతుంది. అంతకు ముందు కంట్లో పడిన వెలుగు గడియారాన్ని వెనక్కి లాగుతుంది, ఆ తర్వాత పడిన వెలుగు ముందుకు తోస్తుంది. ఈ లెక్కన శంషాబాద్‌లో అర్ధరాత్రి కళ్ళు చెదిరే ఆ తెల్లటి దీపాలు జర్మనీకి పోయే అమ్మాయికి మేలే చేస్తున్నాయి. అదే గేటు పక్కన కూర్చుని సిడ్నీకి పోయేవాళ్ళకు అవే దీపాలు కీడు. ఒకే కుర్చీ వరసలో ఇద్దరిలో ఒకరు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాలి, ఒకరు పెట్టుకోకూడదు.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పై చదువుకు బోస్టన్ చేరింది ఓడలో. ఆయనకు ఈ బెడద లేదు. ఓడ రోజుకు గంటకు మించి కాలభేదం దాటదు, శరీరం జరుపుకోగలిగేదీ సుమారుగా అంతే. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి పొట్టపోసుకోవడం వల్ల చెదిరిన నిద్ర వేరే సంగతి.

జర్మనీలో మొదటి మూడు రోజులు అమ్మాయికి తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది, ఒంటికది ఏడున్నర. మే నెలాఖరులో అక్కడ రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గూకదు కాబట్టి, సాయంత్రం ఎండలో తిరిగితే త్వరగానే సర్దుకుంటుంది. ఆగస్టులో తిరిగొచ్చేటప్పుడు ఇబ్బందంతా గడియారానిదే, మూడున్నర గంటలు తూర్పుకు జరగాలి, రోజుకు గంట చొప్పున. రోడ్డు మాత్రం అప్పుడు తేలిక. అవే నాలుగు ముక్కలు, అదే టోల్‌గేటు, అదే అరగంట అటూ ఇటూ. కానీ ఏ ముక్క చివరా మూసుకునే తలుపు లేదు. విజయవాడ బస్సు ఒకటి పోతే వెనకే ఇంకొకటి ఉంటుంది, పెదపారుపూడిలో పొద్దున చేరినా మధ్యాహ్నం చేరినా పోయేదేమీ లేదు. జాగ్రత్త కోసం ఒక్క నిమిషం కూడా అదనంగా కట్టుకోనక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్ దాటాక శంషాబాద్‌లో ఆమె ఆగాల్సింది ఒక్క చోటే, పెట్టెలు తిరిగే బెల్టు దగ్గర.